ఉపయోగమూ, ఉల్లాసమూ

మా మేనల్లుడు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ నగరపు శివారులో ఉద్యోగం చేస్తున్నాడు. అతని పాత కారు పనికిరాకుండా పోయింది. మరొకటి కొనాలి. రెండు కార్ల మధ్య ఎటూ తేల్చుకోలేక మూడు వారాలపాటు కొట్టుమిట్టాడాడు. చివరికొక రాత్రి నాకు ఫోను చేసి, "మామయ్యా, మీరు ముప్పయ్యేళ్ళు తత్వశాస్త్రం పాఠం చెప్పారు గదా, ఈ చిక్కు విడదీయండి," అన్నాడు.

నాకు కారు నడపటం రాదు. కార్ల గురించి మాట్లాడే అర్హత నాకు లేదనే చెప్పాను. అతను వదలలేదు. "కారు సంగతి నాకు తెలుసు. నేనడిగేది నీతి సంగతి," అన్నాడు. ఈ పత్రికలో కార్ల ప్రసక్తి ఏమిటని పాఠకులు అడగవచ్చు. పెద్ద ప్రశ్నల దగ్గర మనమందరం జాగ్రత్తగా మాట్లాడతాం. చిన్న ప్రశ్నల దగ్గర దొరికిపోతాం. మన విలువలేమిటో మనం కొనే వస్తువుల దగ్గర బయటపడినంతగా మనం చేసే తీర్మానాల దగ్గర బయటపడవు. అందుచేత ఈ ప్రశ్నను నేను చిన్నచూపు చూడలేదు.

ముందు ఆ రెండు కార్ల సంగతి చెప్పాలి. ఒకటి ఫోక్స్‌వాగన్ వాళ్ళ గోల్ఫ్ జీటీఐ. రెండోది మాజ్దా వాళ్ళ మియాటా. అతను చూసినవి రెండూ ఒకరు వాడినవే. వెల ఇంచుమించు ఒకటే. పెట్రోలు ఖర్చులో కూడా చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా అంతా మరోచోట వుంది. మొదటిదానిలో ఐదుగురు కూర్చోవచ్చు, వెనక తలుపెత్తి బియ్యం బస్తాలు వేసుకోవచ్చు. అయినా అది చురుకైన బండే. రెండోదానిలో ఇద్దరే కూర్చోవాలి. సామానుకు రెండు చిన్న పెట్టెల చోటు. కాని నడిపేవాడికి అదిచ్చే ఆనందానికి సాటి వచ్చే బండ్లు తక్కువని తెలిసినవాళ్ళు చెబుతారు.

మొదటిది ముందు చక్రాలతో నడిచే బండి, రెండోది వెనక చక్రాలతో నడిచే బండి. ఈ తేడా ఏమిటో మన పల్లె రోడ్డు మీదే చూడవచ్చు. ఎడ్లు బండిని ముందునుంచి లాగుతాయి. సైకిలును వెనక చక్రం నెడుతుంది, ముందు చక్రం దారి పట్టిస్తుంది. గోల్ఫులో ఇంజను శక్తి ముందు చక్రాలకే పోతుంది. అవే లాగాలి, అవే మలుపు తిరగాలి. టైరుకు నేలమీద వుండే పట్టుకు ఒక హద్దు వుంది కనక, రెండు పనులూ ఒకేసారి గట్టిగా చేయమంటే బండి మనం తిప్పినంత తిరగక బయటికి పోజూస్తుంది. మియాటాలో పని పంచారు. ముందు చక్రాలు దారి పట్టిస్తాయి, వెనక చక్రాలు నెడతాయి. బండి ముందుకు దూకినప్పుడు బరువు వెనక్కి వాలుతుంది కనక నెట్టే చక్రాలకు పట్టు పెరుగుతుంది. కాని మలుపులో అతిగా నొక్కితే వెనక భాగం పక్కకు జారుతుంది. దాన్ని సరిదిద్దటానికి చేయి తిరిగి వుండాలి. ముందు చక్రాల బండిలో వెనక్కి షాఫ్టు పోనక్కరలేదు. ఆ మిగిలిన చోటు మనుషులకు దక్కుతుంది. అంటే ఒక బండి చోటును మనుషులకు పంచుతుంది, మరొకటి పనిని చక్రాలకు పంచుతుంది.

వెనక చక్రాలతో నడవటమే ఉల్లాసమని మాత్రం అనుకోకూడదు. 2014 దాకా మన దేశంలో తయారైన అంబాసిడరు కూడా వెనక చక్రాల బండే. దాన్ని నడిపేవాడి ముఖంలో ఉల్లాసం నేనెన్నడూ చూడలేదు.

చిన్న కారులో ముందు చక్రాల పద్ధతికి పేరు తెచ్చినది బ్రిటన్‌లో పుట్టిన మినీ. 1956లో నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ ఈజిప్టు మీద దాడికి దిగాయి, కాలువ మూతపడింది, ఆ ఏడాది చివరకు బ్రిటన్‌లో పెట్రోలుకు రేషను వచ్చింది. కొద్ది పెట్రోలుతో నలుగుర్ని మోసే బండి కావలసివచ్చింది. ఇసిగోనిస్ అనే ఇంజనీరు ఇంజనును అడ్డంగా అమర్చి, పది అడుగుల బండిలో నలుగురికి చోటు చేశాడు. 1959లో అది రోడ్డెక్కింది. కొరతలోంచి పుట్టిన ఆ బండే 1964, 1965, 1967 సంవత్సరాల్లో మాంటెకార్లో ర్యాలీ గెలిచింది. అవసరానికీ ఉల్లాసానికీ పుట్టుకతో వైరం లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. 1976లో అమ్మకానికి వచ్చిన గోల్ఫ్ జీటీఐ ఈ సత్యాన్ని లాభసాటి సరుకుగా మార్చింది. ఐదు వేలు అమ్మితే చాలనుకున్న కంపెనీ దాని మొదటి తరంలోనే నాలుగున్నర లక్షలకు పైగా అమ్మింది.

మియాటా 1989లో వచ్చింది. బ్రహ్మాండమైన శక్తి గల బండి కాదది. తేలికగా వుండటమే దాని గొప్ప. రౌతూ గుర్రమూ ఒకటై పోవటమనే తమ దేశపు పాత భావనను జపాను ఇంజనీర్లు దానికి లక్ష్యంగా పెట్టుకున్నారు. 2016 నాటికి అటువంటి బండ్లు పది లక్షలు తయారయినాయి. ఉపయోగం తక్కువని తెలిసి కూడా లోకంలో ఇంతమంది దాన్ని కోరుకున్నారు.

మా వాడికి చుట్టూ వున్నవాళ్ళంతా ఒకే సలహా చెప్పారు: ఉపయోగం చూసుకో. నా నోటికీ మొదట ఆ మాటే వచ్చింది. మన సంస్కారంలోనే అది వుంది. శ్రేయస్సు వేరు, ప్రేయస్సు వేరు. వివేకి శ్రేయస్సును కోరుకుంటాడు అని కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి చెబుతాడు. ఆ లెక్కన ఐదు సీట్ల బండి శ్రేయస్సు, రెండు సీట్ల బండి ప్రేయస్సు. చిక్కు విడిపోయినట్టే.

కాని ఆ మాటలు మళ్ళీ తీసి చదివితే నాకొక సంగతి తట్టింది. మందబుద్ధి ప్రేయస్సును ఎందుకు కోరుకుంటాడు? యోగక్షేమం కోసమట. అంటే కావలసినది సంపాదించుకోవటం, సంపాదించినది కాపాడుకోవటం. మన జీవితబీమా కార్పొరేషను చిహ్నంలో వున్న మాటే అది. మనం ఉపయోగమనీ, ముందుచూపనీ, గృహస్థధర్మమనీ గౌరవించేదాన్ని ఆ ఉపనిషత్కారుడు ప్రేయస్సు కిందనే జమకట్టాడు. అతను చూపిన మోక్షం మనకు అక్కర్లేకపోవచ్చు. అతని అనుమానం మాత్రం అక్కరకొచ్చేదే. ఉపయోగం దానంతటదే నీతి కాజాలదు. అది కూడా ఒక కోరికే, కాకపోతే పెద్దమనిషి దుస్తులు వేసుకుని వస్తుంది.

ఈ దృష్టితో గోల్ఫ్ జీటీఐని చూడండి. ఉపయోగమే కావాలంటే అదే కొలతల మామూలు కారు చాలు. దానికంటె ఎక్కువ డబ్బు పోసి కొనేది ఆ అదనపు చురుకుదనం కోసమే. కాని కొన్నవాడు ఆ మాట అనడు. "పిల్లలకు చోటుంది, సామాను పడుతుంది" అంటాడు. ఉల్లాసానికి డబ్బిచ్చి ఉపయోగం పేర రసీదు తీసుకుంటాడు. దీన్నే మనవాళ్ళు అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్నారు. పోనీ, రెండూ దొరికితే తప్పేమిటి? తప్పేమీ లేదు. కాని రెండూ ఒకే సరుకులో ఇస్తానన్నవాడు ఏటేటా ఆ సరుకును పెంచుతూ పోతాడు. 1976 నాటి జీటీఐ బరువు ఎనిమిది వందల కిలోల పైచిలుకు. ఇవాళ్టిది పధ్నాలుగు వందలు దాటింది. ఉపయోగమనే మాటకు హద్దు లేదు. ఎంత పెద్ద బండికైనా, ఎంత పెద్ద ఇంటికైనా ఉపయోగం చూపించవచ్చు. మియాటాకు హద్దు వుంది. గుడ్డ టాపు గల ఇవాళ్టి మియాటా పదకొండు వందల కిలోల లోపే. అది ఏమీ దాచదు: నేను ఉల్లాసం కోసమే వున్నాను, నాలో మూడో మనిషికి చోటు లేదు అంటుంది. నిజాయితీలో దానికే ఎక్కువ మార్కులు వెయ్యాలి.

ఆ ఉల్లాసం ఎటువంటిది? దీన్ని కూడా కొట్టిపారెయ్యకూడదు. కొన్ని పనులు మరొకదాని కోసం చేస్తాం, కొన్నిటిని వాటి కోసమే చేస్తాం అని అరిస్టాటిల్ విడదీశాడు. ఇల్లు కట్టటం ఇల్లు పూర్తయితే ముగుస్తుంది; వేణువు వాయించటం వాయిస్తున్నంతసేపూ పరిపూర్ణంగానే వుంటుంది. చేయి తిరిగిన మనిషి గేరు మార్చి, మలుపును అంచనా కట్టి, బండి బరువు ఎటు వాలుతుందో ఒంటితో తెలుసుకుంటూ నడపటం ఈ రెండో జాతికి చెందిన ఆనందం. మగ్గం మీద నేతగాడి చేతికీ, చక్రం మీద కుమ్మరి చేతికీ ఇటువంటి ఆనందం తెలుసు. బతుకు బరువు దాన్ని తరుచు మింగేస్తుంది, అంతే. శ్రమ గౌరవం గురించి మాట్లాడే మనం నైపుణ్యంలో వుండే ఆనందాన్ని విలాసమని ఈసడిస్తే మన మాటకే విలువ లేకుండా పోతుంది.

అయితే నడపటంలోని ఆనందం వేరు, కలిగివుండటంలోని ఆనందం వేరు. డబ్బు వున్నవాడు వస్తువును వాడేది తన కోసమే కాదు, ఎదుటివాడు చూడటానికి కూడా అని వెబ్లెన్ 1899లోనే ఒక గ్రంథమంతా రాశాడు. ఎర్రని స్పోర్ట్స్ కారును ఆఫీసు ముందు నిలబెట్టి, నడిపినంతసేపూ ఎవరు చూస్తున్నారా అని అద్దంలో చూసుకునేవాడికి వెనక చక్రాలైతేనేం, ముందు చక్రాలైతేనేం? అందుకని మా వాడిని ఒక ప్రశ్న వేశాను: "ఆ బండిని ఎవరూ చూడని రోడ్డు మీద, తెల్లవారుజామున మాత్రమే నడపాలని నియమం పెడితే కొంటావా?" అతను ఆలోచించి, "కొంటాను," అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చింది. ఆ వెంటనే అతను నన్నొక ప్రశ్న వేశాడు. "మరి మీరు? మీరెప్పుడైనా ఉత్త సరదాకు ఏదైనా కొనుక్కున్నారా?"

దీనికి జవాబు ఫోనులో చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతాను. 1976లో తెనాలిలో నాకు లెక్చరరు ఉద్యోగం వచ్చింది. మొదట కూడబెట్టిన డబ్బుతో సైకిలు కొందామని అంగడికి వెళ్ళాను. రెండు సైకిళ్ళున్నాయి. ఒకటి బరువైనది, వెనక క్యారేజీ, మడ్డుగార్డులు, స్టాండు, అన్నీ వున్నాయి. రెండోది సన్నని టైర్లు, వంగిన హ్యాండిలు గలది. క్యారేజీ లేదు. దాన్ని అంగడి ముందు రోడ్డు మీద ఒక చుట్టు తొక్కి చూశాను. కాలు పెట్టీ పెట్టకముందే కదిలింది. దిగి, క్యారేజీ సైకిలు కొనుక్కున్నాను.

ఆ క్యారేజీ మీద ముప్పయ్యేళ్ళు పుస్తకాలు మోశాను, పత్రికల కట్టలు మోశాను, నా పిల్లల్నీ ఇతరుల పిల్లల్నీ మోశాను. ఉపయోగానికి లోటు లేదు. అది నా సిద్ధాంతానికి నిదర్శనమని చాలాకాలం అనుకుంటూ వచ్చాను. కాని నిజం వేరు. ఆ రోజుల్లో మా పఠనమండలిలో సరదా అన్న మాట తిట్టుతో సమానం. సన్నని సైకిలు మీద వెళితే మిత్రులు ఏమంటారోనని భయపడ్డాను. కొన్నేళ్ళకు ఒక విద్యార్థి దగ్గర అటువంటి సైకిలే అడిగి తీసుకుని, సాయంత్రం కాలవగట్టు మీద నాలుగు మైళ్ళు తొక్కాను. ఎంత హాయిగా వుందో ఇప్పటికీ చెప్పగలను. తిరిగివస్తూ, వంతెన రాకముందే దిగి, సైకిలును నడిపించుకుంటూ ఊళ్ళోకి వచ్చాను. ఎర్ర కారు కొన్నవాడు పదిమందీ చూడాలని కొన్నాడు. నేను పదిమందీ చూడకూడదని దిగాను. ఇద్దరమూ పదిమంది కళ్ళకే బానిసలం. నిరాడంబరత కూడా ఆడంబరం కాగలదని వెబ్లెన్‌ను చదివి నేర్చుకోలేదు, ఆ వంతెన దగ్గర నేర్చుకున్నాను.

అంటే మియాటా కొనుక్కోమని చెప్పాలా? ఆగండి. అతని బతుకులో ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. శివారులో అతని ఇంటి దగ్గర ముగ్గురు తెలుగు విద్యార్థులుంటున్నారు. వాళ్ళకు కారు లేదు. ఆ ఊళ్ళో బస్సు లేదు. సరుకుల అంగడి నడిచివెళ్ళే దూరంలో లేదు. వున్నా, నడిచేందుకు రోడ్డు పక్కన దారి లేదు. ప్రతి శనివారమూ మా వాడు ఆ ముగ్గురినీ అంగడికి తీసుకుపోయి తీసుకువస్తాడు. పైగా, వచ్చే ఏడాది మా అక్కా, బావా ఆరు నెలలకు అక్కడికి వెళుతున్నారు. బావకు మోకాళ్ళ నొప్పులు. మియాటా కొంటే ఇద్దరిలో ఒకర్ని ఇంట్లో దిగబెట్టి ఒకర్ని తీసుకుపోవాలి.

ఇక్కడికి వచ్చేసరికి ప్రశ్న రూపమే మారిపోయింది. ఉపయోగమా, ఉల్లాసమా అని అడిగినంతకాలం అది తేలదు. ఉపయోగాన్ని "ఎవరికి?" అని అడగాలి. ఉల్లాసాన్ని "ఎవరి ఖర్చుతో?" అని అడగాలి. తనొక్కడి డిక్కీలో సామాను పట్టటం కోసం గోల్ఫ్ కొంటే అందులో నీతి ఏమీ లేదు, అది ఒట్టి సౌకర్యం. వెనక సీటులో ముగ్గురు పిల్లలు కూర్చోవటం కోసం కొంటే ఆ సీటుకు నీతి వస్తుంది. అలాగే ఎవరినీ రోడ్డున వదిలిపెట్టకుండా, ఎవరి ప్రాణం మీదికీ తేకుండా నడుపుకుంటే మియాటాలో పాపం లేదు. జనం నడిచే రోడ్డు మీద మలుపులో బండి వెనక భాగాన్ని జార్చి సంబరపడేవాడు మాత్రం తన సంబరానికి ఇతరుల ప్రాణాలు పందెం కాస్తున్నాడు.

ఇంతటితో ఆపితే ఇది కుటుంబ ధర్మపన్నాలు అవుతుంది. ఆ ముగ్గురు విద్యార్థుల తిండిగింజలు మా వాడి కారు సీట్ల మీద ఎందుకు ఆధారపడాలి? ఇది ప్రకృతి నియమం కాదు, మనుషులు కట్టుకున్నది. 1956లోనే అమెరికా ప్రభుత్వం నలభై ఒక్క వేల మైళ్ళ రహదారులకు చట్టం చేసింది. ఒకప్పుడు లాసేంజిలిస్ చుట్టూ పరుచుకుని వుండిన ఎర్ర ట్రాముల్లో ఆఖరివి 1961లో ఆగిపోయినాయి. ఊళ్ళు కారు కొలతకు పెరిగాయి. కారు సముద్రపు ఒడ్డున మేడవంటిదనీ, కొద్దిమందికి వున్నంతకాలమే దానికి విలువనీ ఆంద్రె గోర్జ్ 1973లో ఒక వ్యాసం రాశాడు. విలాసంగా పుట్టిన వస్తువు తన చుట్టూ వున్న లోకాన్ని మార్చి తానే అవసరమై కూర్చుంది. మా మేనల్లుడికి ఏ కారు కొనాలన్న స్వేచ్ఛ వుంది. కారు కొనకుండా వుండే స్వేచ్ఛ లేదు.

పాలకులు ఉల్లాసాన్ని పంచిపెడతామన్నా నమ్మటానికి లేదు. గోల్ఫ్ తయారుచేసే కంపెనీ పుట్టుకే ఇందుకు సాక్ష్యం. హిట్లర్ పాలనలో "ఆనందం ద్వారా బలం" అనే పేరు గల సంస్థ 1938లో ప్రజలకు కారు ఇస్తామని, వారానికి ఐదు మార్కుల స్టాంపులు కొనిపించింది. మూడు లక్షల మందికి పైగా డబ్బు కట్టారు. ఒక్కరికీ కారు రాలేదు. ఆ ఫ్యాక్టరీ యుద్ధానికి బండ్లు చేసింది, బలవంతంగా తెచ్చిన మనుషులచేత చేయించింది. ఒక్కొక్కరికీ ఒక్కొక్క బండి అనే ఆశ చూపి జనాన్ని వరసలో నిలబెట్టడం తేలిక. అందరికీ కలిపి ఒక బండి నడపటం కష్టం.

ఆ కష్టమైన పని మనవైపు కొంత జరిగింది. నిజాం రాష్ట్రంలో 1932లో ఇరవై ఏడు బస్సులతో ప్రభుత్వ రవాణా మొదలైంది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్ళు ఆర్టీసీ బస్సులో టికెట్టు డబ్బు లేకుండా ప్రయాణం చేస్తున్నారు. హైదరాబాదు వెళ్ళినప్పుడు ఆ బస్సులో ఒక పెద్దమనిషి విసుక్కోవటం విన్నాను: "పనీ పాటా లేకుండా ఊరికే తిరుగుతున్నారు." ఆయన ముందు సీటులో ఇద్దరు నడివయసు ఆడవాళ్ళు కిటికీలోంచి ఊరు చూస్తూ నవ్వుకుంటున్నారు. వాళ్ళు నిజంగానే ఊరికే తిరుగుతున్నారేమో. తిరిగితేనేం? స్పోర్ట్స్ కారులో తిరిగేవాణ్ణి పనేమిటని ఎవరూ అడగరు. పేదవాడి ప్రతి ఉల్లాసాన్నీ ఉపయోగం పేర లెక్క చెప్పమంటారు. ఆ బస్సులో ఆ ఇద్దరి ఉల్లాసానికి ఎవరి సీటూ పోలేదు, ఏ ముసుగూ అక్కర్లేదు. కాలవగట్టు మీద నేను దిగిపోయిన సైకిలు వాళ్ళు దిగకుండా తొక్కుతున్నట్టు అనిపించింది నాకు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. అవసరాన్ని ఎవరికి వారు కొనుక్కోవలసిన చోట ఉల్లాసం దొంగలాగానే బతుకుతుంది; ఉపయోగం ముసుగు వేసుకుంటుంది, లేకపోతే పక్కవాడిని రోడ్డున వదిలేస్తుంది. అవసరాన్ని అందరూ కలిసి తీర్చుకున్న చోటే ఉల్లాసం తలెత్తుకు తిరుగుతుంది. ఇంటి ముందు బస్సు ఆగే ఊళ్ళో రెండు సీట్ల చిన్న బండి ఒక వేణువువంటిది, ఎవరికీ బాకీ లేనిది. బస్సు లేని ఊళ్ళో దానిలో లేని మూడో సీటు ఒక ప్రశ్నగా నిలబడుతుంది.

కనక మా వాడికి గోల్ఫ్ కొనమనే చెప్పాను. అది ఉపయోగకరమని కాదు, ఆ ముగ్గురి కోసమూ, మా అక్కా బావల కోసమూ. దాని చురుకుదనం తన సరదా కోసమేనని దాపరికం లేకుండా ఒప్పుకోమని కూడా చెప్పాను.

"అయితే మియాటా మీద కోరిక తప్పంటారా, మామయ్యా?" అన్నాడు.

"తప్పు కాదు. ముందు మీ ఊరికి బస్సు తెప్పించు. తరవాత కొనుక్కో."

అతను నవ్వాడు. "నాకిక్కడ ఓటు లేదు. పన్ను మాత్రం కడుతున్నాను."

"ఓటు లేనివాడు నోరు తెరవకూడదని ఎక్కడైనా రాసివుందా? ఊరి సభలో మాట్లాడనిస్తారు గదా?"

"మాట్లాడనిస్తారు. మూడు నిమిషాలు."

అతను గోల్ఫ్ కొన్నాడు. ఖాళీ మైదానంలో ఆ ముగ్గురిలో ఒకడికి గేరు మార్చటం నేర్పుతున్నాడట. మూడు నిమిషాల్లో ఏం చెప్పాలో రాసి పంపమని నన్నడిగాడు. నేను రాయలేదు. ఆ ముగ్గురినీ కారులో ఎక్కించుకుని సభకు తీసుకుపొమ్మన్నాను. నలుగురికీ కలిపి పన్నెండు నిమిషాలవుతుంది.